తివాచీ కింద

రాత్రి రెండున్నర. పెళ్ళివాళ్ళు వెళ్ళిపోయారు.
మల్లెపూలు ఊడ్చేశాక మిగిలే వాసనలో
మోకాళ్ళ మీద పాకుతూ టేపు పీకుతున్నాను.
తెల్లారేసరికి ఎర్రది చుట్టేసి బూడిదరంగుది పరవాలి.
రేపు నీళ్ళ మోటార్ల ఎగ్జిబిషను.

ఈ కన్వెన్షన్ సెంటరుకి నాలుగు హాళ్ళు.
వాకిట్లో ఇత్తడి పలక మీద ప్రారంభోత్సవం తేదీ ఉంది,
అంతకు ముందు ఇక్కడ గాలి కూడా వీచనట్టు.
సూట్లవాళ్ళు దాని పక్కన నిలబడి ఫొటో దిగుతారు.
నేను నేల మనిషిని. నాకు కిందనుంచి తెలుసు.

అడుగు మందం కాంక్రీటు. దాని కింద
స్కేటింగు రోజుల నున్నటి సిమెంటు,
రంగులైట్లలో వడపళని కుర్రాళ్ళు చక్రాల బూట్లేసుకుని
పళ్ళు రాలగొట్టుకున్న సిమెంటు.
దాని కింద స్టూడియో మూడో ఫ్లోరు.
మా నాన్న దశరథన్ ట్రాలీ తోసిన పట్టాలకి
మేకులు దిగిన గుంటలు ఇంకా ఉండే ఉంటాయి.
ఇంకా కిందకి పోతే సర్కసు ఏనుగుని కట్టేసిన గుంజ.
ఇంకా కిందకి పోతే
ఏరి అంటారు ఇక్కడ. మనం చెరువంటాం.
ఏదన్నా అను, తడి ఒకటే.

మా మేనత్త కనకవల్లి ఆ మూడో ఫ్లోరులో
నలభై పెళ్ళిళ్ళకి అక్షింతలు వేసింది.
పెళ్ళికూతురు మారేది, పందిరి మారేది,
అత్త కట్టిన పట్టుచీర మాత్రం అదే,
సాయంత్రం మడతలు లెక్కపెట్టి తిరిగిచ్చేది.
ఆ బియ్యం ఇంటికి తేకపోయావా అంటే
"అది పసుపు కాదురా, పెయింటు" అనేది.
అప్పుడు అబద్ధం పెళ్ళిళ్ళకి నిజం అరిటిచెట్లు.
ఇప్పుడు నిజం పెళ్ళి, ప్లాస్టిక్ అరిటిచెట్టు,
నెత్తిన తేనెటీగలా డ్రోను.

సినిమా హైదరాబాదు వెళ్ళిపోయింది.
పెద్దవాళ్ళు రైలెక్కారు.
రైలు ఉందన్న సంగతి మావాళ్ళకి తర్వాత తెలిసింది.

వరదొచ్చిన డిసెంబరులో
అడయారు పొంగి, సైదాపేటలో మంచాలు తేలినప్పుడు
ఎవరో ఈ హాలు తలుపులు తీశారు.
ఆరువందల మంది. తడిబట్టలు. మంచులాంటి నేల.
మేనేజరు ఫోనెత్తలేదు.
గోడౌను తాళం నా మొలతాడుకే ఉంది.
పెళ్ళిళ్ళ ఎర్ర తివాచీ ఆ గోడనుంచి ఈ గోడదాకా
నా సర్వీసులో మొదటిసారి టేపు లేకుండా పరిచాను.
పిల్లలు దాని మీద బోర్లాపడి బుగ్గలు రుద్దుకున్నారు.

అత్తా వచ్చింది, మోకాలిదాకా బురదతో.
గేటు పక్క నిద్రగన్నేరు నుంచి
అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చి
నూటపన్నెండో అడుగు దగ్గర ఆగింది.
"కెమెరా ఇక్కడుండేది. దాని కళ్ళలోకి చూడొద్దని
ఎన్ని తిట్లు తిన్నానో" అని
అక్కడే, సరిగ్గా అక్కడే, కాళ్ళు చాపి నిద్రపోయింది.

తివాచీ పాడైందని ఏడు నెలలు నా జీతంలో కోశారు.
ఇత్తడి పలక మీద అది రాయలేదు.

ఈశాన్యం మూల ఒకచోట టేపు అంటదు.
ఎంత నొక్కినా తెల్లారేసరికి తివాచీ బుడగలా లేస్తుంది.
కాలేస్తే పక్కకి జరుగుతుంది,
అక్కడ తొక్కితే ఇంకో పక్కకి.
ఇంజనీరు గాలి అన్నాడు.
నేను వేలు పెట్టి చూశాను.
పెళ్ళయితే అక్కడో పూలకుండీ పెట్టిస్తాను.
రేపు మాత్రం అది నలభై ఒకటో స్టాలు.
కోయంబత్తూరువాళ్ళు, వెయ్యడుగుల లోతునుంచి తోడే మోటారు,
తుడిచి, కుంకుమబొట్టు పెట్టి మరీ తెస్తారట.

వాళ్ళకి నేనేం చెప్పను.
బూడిదరంగు రోలు దొర్లించుకుంటూ పోతున్నాను.
కింద ఎవరో కాస్త జరిగి
చోటిస్తున్నట్టుంది.